ఎయిర్‌బ్యాగ్ లాంపు ఆరడం లేదు, షోరూం వాళ్లు 55 వేలు అడుగుతున్నారు

ప్రశ్న: నాలుగేళ్ల కిందట విశాఖపట్నంలో తొమ్మిది లక్షలు పెట్టి కొత్త కారు కొన్నాను. కంపెనీ ఇచ్చిన మూడేళ్ల వారంటీ ముగిసింది. కొన్నప్పుడే విడిగా డబ్బు కట్టి మరో రెండేళ్ల పొడిగింపు వారంటీ తీసుకున్నాను, అది ఇంకా నడుస్తోంది. సర్వీసులన్నీ అదే షోరూంలో చేయించాను. రెండు నెలలుగా ఎయిర్‌బ్యాగ్ గుర్తున్న ఎర్ర లాంపు ఆరడం లేదు. షోరూం వాళ్లు కారు ఒకరోజు ఉంచుకుని, ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ పోయిందని, మార్చడానికి 55 వేలు అవుతుందని చెప్పారు. వారంటీ సంగతి అడిగితే ‘యూనిట్‌లోకి నీరు చేరింది, పైగా మీరు బయట సీటు కవర్లు వేయించారు, వర్తించదు’ అన్నారు. ఈ కారు ఎప్పుడూ వరద నీటిలో నడవలేదు. గాజువాకలో తెలిసిన మెకానిక్ 800 రూపాయలిస్తే స్కానర్ పెట్టి లాంపు ఆర్పేస్తానంటున్నాడు. నా భార్య రోజూ పాపను బడికి ఈ కారులోనే తీసుకువెళుతుంది. నేను కేసు వేయవచ్చా? బయట బాగు చేయిస్తే మిగిలిన వారంటీ పోతుందా? ఈలోగా ప్రమాదం జరిగితే బీమా వస్తుందా?
– ఒక పాఠకుడు, మధురవాడ

జవాబు: మీరు అడిగిన మూడింటికీ జవాబు చెబుతాను. అంతకన్నా ముందు మీరు అడగని ప్రశ్న ఒకటుంది. కంట్రోల్ యూనిట్ పోయిందని షోరూం వాళ్లకు ఎలా తెలిసింది? మీ ఉత్తరంలో 55 వేల అంకె ఉంది, నీరు ఉంది, సీటు కవర్లు ఉన్నాయి. లోపం ఎక్కడుందో స్కానర్‌లో చూపించే ఫాల్ట్ కోడ్ మాత్రం ఎక్కడా లేదు. అది చేతికి రానంతవరకు మీ కోపం ఎంత న్యాయమైనదైనా కేసుగా నిలబడదు.

నేను మెకానిక్‌ను కాను. కానీ ఇలాంటి వినియోగదారుల కేసుల ఫైళ్లు తిరగేసీ తిరగేసీ కొంత నేర్చుకున్నాను. తాళం తిప్పగానే ఈ లాంపు కొన్ని క్షణాలు వెలిగి ఆరిపోవాలి. (అసలు వెలగనే వెలగకపోతే అదీ అనుమానించవలసిన విషయమే. పాత కారు కొనేవాళ్లు ముందు చూసుకోవలసింది ఇదే.) ఆరకుండా ఉండిపోయిందంటే కంట్రోల్ యూనిట్ తన సర్క్యూట్లలో ఎక్కడో తేడా గమనించి, దానికి ఒక కోడ్ రాసి పెట్టుకుందని అర్థం. ఆ కోడ్ చదవకుండా లాంపును మాత్రమే చూసి ఏ భాగం పోయిందో ఎవరూ చెప్పలేరు. స్టీరింగ్ లోపల చుట్టగా ఉండే క్లాక్ స్ప్రింగ్ తెగినా ఈ లాంపే వెలుగుతుంది. అలాంటప్పుడు చాలా కార్లలో హారన్, స్టీరింగ్ మీది బటన్లు కూడా మొరాయిస్తాయి. ముందు సీటు కింద ఉండే పసుపు రంగు కనెక్టర్ వదులైనా ఇదే లాంపు. సీటు బెల్టు బకిల్‌లోని స్విచ్ పాడైనా, బ్యాటరీ బాగా బలహీనపడినా ఇదే లాంపు. కనెక్టర్ సర్దడానికి పదిహేను నిమిషాలు చాలు. కంట్రోల్ యూనిట్ మార్చాలంటే మీకు చెప్పినట్టు వేలు కావాలి.

సీటు కవర్ల గురించి మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. కవర్లు వేసేవాళ్లు సీటు విప్పి తీసే క్రమంలో ఆ కనెక్టర్‌ను లాగి ఉండవచ్చు. సీటును ముందుకూ వెనక్కూ జరిపినప్పుడు లాంపు వెలిగి ఆరుతూ ఉందేమో గమనించండి. అలా ఉంటే లోపం బహుశా అక్కడే ఉంది, దానికి షోరూంను నిందించలేం. అయితే అప్పుడు కంట్రోల్ యూనిట్ మార్చమనడం కూడా తప్పే అవుతుంది. కవర్లు వేయించారన్న ఒక్క కారణంతో వారంటీ మొత్తం రద్దు చేయడం కుదరదు. కవర్ల వల్లే ఈ భాగం పాడైందని వాళ్లు చూపించాలి. సీటు కవరుకూ, యూనిట్‌లోని నీటికీ సంబంధం ఏమిటో వాళ్లు చెప్పలేదు, మీరూ అడిగినట్టు లేదు.

ఇక నీటి విషయం. మీ కేసు ప్రాణం ఇక్కడే ఉందని నా అనుమానం. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. అప్పటికి మీ కారు పుట్టనే లేదు. వరదలో నడపలేదని మీరూ అంటున్నారు. మరి నీరు ఎక్కడి నుంచి వచ్చింది? చాలా కార్లలో ఈ యూనిట్ ముందు సీట్ల మధ్య, గేరు కన్సోల్ కింద, నేలకు దగ్గరగా ఉంటుంది. మన విశాఖ గాలిలోని తేమకు ఏసీ వేసిన కారు ఎంత నీరు కారుస్తుందో ఆగిన కారు కింద మడుగు చూస్తే తెలుస్తుంది. ఆ నీరు బయటికి పోయే సన్నని గొట్టం చెత్తతో పూడిపోతే నీరు లోపలికే, ముందు సీటు కాళ్ల దగ్గరి కార్పెట్‌లోకి కారుతుంది. అక్కడి నుంచి నేల మీద ఉన్న యూనిట్‌కు చేరడానికి ఎంతో దూరం ఉండదు. మీ కారులో ఇదే జరిగిందని నేను అనడం లేదు. కానీ జరిగి ఉంటే షోరూం వాళ్ల వాదన వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. సర్వీసులన్నీ వాళ్ల దగ్గరే చేయించానంటున్నారు. పాత బిల్లులు తీసి చూడండి. ఏసీ తనిఖీ పేరుతో డబ్బు తీసుకుని ఉంటే, ఆ గొట్టం ఎవరు చూడాలి అన్న ప్రశ్నకు వాళ్లే జవాబు చెప్పుకోవాలి.

వారంటీ మినహాయింపు ఉందని చెప్పేవాళ్లే ఆ మినహాయింపును రుజువు చేయాలి. బీమా కేసుల్లో ఇది స్థిరపడిన సూత్రం, పొడిగింపు వారంటీ విషయంలోనూ వినియోగదారుల కమిషన్ ముందు ఇదే వాదన పెట్టవచ్చు. కాబట్టి ఇప్పుడు చేయవలసింది ఒక ఉత్తరం రాయడం. ఈమెయిల్ చాలు, కాకపోతే స్పీడ్ పోస్టులో కూడా పంపితే మంచిది. అందులో నాలుగు సంగతులు అడగండి: స్కాన్ చేసినప్పుడు వచ్చిన ఫాల్ట్ కోడ్ల ముద్రిత ప్రతి, నీరు చేరిందని చెబుతున్న యూనిట్ ఫొటోలు, వారంటీ పత్రంలోని ఏ నిబంధన కింద తిరస్కరించారో దాని సంఖ్య, ఆ రోజు జాబ్ కార్డు (కారు తీసుకున్నప్పుడు షోరూం వాళ్లు పని వివరాలు రాసే కాగితం) నకలు. ఫోనులో మాట్లాడకండి. మాట్లాడినా, ఆ సాయంత్రమే ‘ఈ రోజు మీరు ఇలా చెప్పారు’ అని ఈమెయిల్ చేయండి. రిపోర్టు ఇవ్వం అంటే మీకు నష్టమేమీ లేదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని సెక్షన్ 2(11) ప్రకారం సేవ అందించేవాడు సంబంధిత సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం కూడా సేవాలోపమే. మీ కేసులో మొదటి పేరా వాళ్లే రాసి ఇచ్చినట్టవుతుంది.

పొడిగింపు వారంటీ పత్రం కూడా ఒకసారి పూర్తిగా చదవండి. దాని మీద ఎవరి పేరు ఉంది? కొన్నిసార్లు కంపెనీ ఇస్తుంది, కొన్నిసార్లు డీలరు, మరికొన్నిసార్లు మూడో సంస్థ. ఎవరు ఇచ్చారో వాళ్లను కూడా కేసులో చేర్చాలి. కంపెనీని చేర్చేటప్పుడు ఒక జాగ్రత్త. డీలరు చేసిన ప్రతి తప్పుకూ తయారీదారుడు దానంతటదే బాధ్యుడు కాడని, అతని పాత్ర ఏమిటో నిర్దిష్టంగా ఆరోపించి చూపాలని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఒక కార్ల కేసులో చెప్పింది. అందుకే ఉత్తరం కంపెనీ కస్టమర్ కేర్‌కు కూడా పంపండి. తెలిసీ పట్టించుకోలేదని తరువాత చెప్పడానికి అది పనికొస్తుంది.

కేసు వేయవచ్చా అంటే, వేయవచ్చు. మీరు విశాఖలో ఉంటున్నారు కాబట్టి, కంపెనీ ప్రధాన కార్యాలయం ఎక్కడున్నా, అదే చట్టం సెక్షన్ 34 కింద ఇక్కడి జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపు ఉన్నవన్నీ జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తాయి. అయిదు లక్షల వరకు రుసుము లేదు, పది లక్షల వరకు 200 రూపాయలు. గడువు రెండేళ్లు. వారంటీ నిరాకరించిన రోజు నుంచి లెక్కించాలని మీరు వాదించవచ్చు గాని, లాంపు వెలిగిన రోజు నుంచే లెక్కపెట్టుకుంటే నిద్ర పడుతుంది. మూడు నెలల్లో, పరీక్ష అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది. ఆ లెక్క నమ్మి క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోకండి. న్యాయవాది లేకుండా మీరే వాదించుకోవచ్చు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. డబ్బు ఖర్చు కాదు. అక్కడే తేలిపోయిన గొడవలూ ఉన్నాయి.

అయితే 55 వేలు ‘ఎక్కువ’ అన్న ఒక్క వాదనతో వెళ్లకండి. ధర ఎక్కువ కావడం ఒక్కటే సేవాలోపం కాదు, కమిషన్ స్పేర్ పార్టుల ధరలు నిర్ణయించదు. కారణం కనుక్కోకుండా భాగం మార్చమన్నారు, ఆధారం అడిగితే ఇవ్వలేదు, డబ్బు కట్టి కొన్న వారంటీని నోటిమాటతో తిరస్కరించారు అన్నవే మీ ఆయుధాలు. యూనిట్ నిజంగా పోయిందా లేదా అన్నది సాంకేతిక వివాదంగా మారితే సెక్షన్ 38 కింద తగిన ప్రయోగశాలకు పంపమని కోరవచ్చు. దాని రుసుము మొదట మీరే కట్టాల్సి వస్తుంది. అందుకే, ఒకవేళ మీరు డబ్బు కట్టి యూనిట్ మార్పించుకున్నా, ‘నిరసనతో చెల్లిస్తున్నాను’ అని బిల్లు మీద రాసి, పాత యూనిట్‌ను ఇవ్వమని అడిగి తెచ్చుకోండి. పాత భాగం షోరూంలోనే ఉండిపోతే పరీక్షకు పంపడానికి ఏమీ మిగలదు.

రెండో ప్రశ్న. 2014 ఆగస్టులో, మార్కెట్లో న్యాయమైన పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీల మీద ఇచ్చిన ఉత్తర్వులో, బయటి మెకానిక్ దగ్గరకు వెళ్లినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దవుతుందనే గంపగుత్త షరతు పెట్టకూడదని ఆదేశించింది. బయటివాడి పని వల్ల ఏ భాగం పాడైందో ఆ భాగానికే వారంటీ నిరాకరించవచ్చు. ఆ ఉత్తర్వు మీద అప్పీళ్లు నడిచాయి కానీ, వారంటీ నిరాకరణ మీద వాదనకు అది ఇప్పటికీ మంచి ఆసరా. అంతమాత్రాన మీ గాజువాక మెకానిక్ దగ్గరకు పరుగెత్తవద్దు. ఎయిర్‌బ్యాగ్‌లో ఉండేది చిన్న పేలుడు పదార్థం. ఆ వైర్లలో చేయి పెట్టవలసింది ఆ పనిలో శిక్షణ ఉన్నవాళ్లే.

పైగా ఆయన 800 రూపాయలకు ఆర్పేది లాంపునే. కోడ్ చెరిపేస్తే లోపం పోదు, కారు మళ్లీ నడవగానే సాధారణంగా లాంపు తిరిగి వస్తుంది. తిరిగి రాకపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే కొందరు సర్క్యూట్‌లో చిన్న రెసిస్టర్ పెట్టి యూనిట్‌ను మోసం చేస్తారు. ఎయిర్‌బ్యాగ్ ఉందని కారు నమ్ముతుంది, మీరూ నమ్ముతారు. నా వృత్తి కోణంలో చూస్తే ఇంకో బాధ ఉంది. కోడ్ చెరిపితే మీకు అనుకూలంగా ఉండగల సాక్ష్యం మీ చేత్తోనే చెరిపినట్టు. మరో అభిప్రాయం కావాలంటే అదే కంపెనీకి చెందిన వేరే సర్వీస్ సెంటర్‌కు వెళ్లి, స్కాన్ మాత్రమే చేయించి ముద్రిత రిపోర్టు, బిల్లు తీసుకోండి. రెండు రిపోర్టుల్లో కోడ్లు వేరుగా ఉంటే నాకు చెప్పండి, కేసు రంగే మారిపోతుంది.

ఇంకొక చిన్న పని. మీ కారు చాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో పెట్టి రీకాల్ (లోపమున్న కార్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగు చేయడం) ఉందేమో చూడండి. ఎయిర్‌బ్యాగుల రీకాల్‌లు చాలా పెద్దవి జరిగాయి. ఎయిర్‌బ్యాగులు తయారు చేసే తకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలో (బ్యాగును ఉబ్బించే భాగాల్లో) వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికీ తేమకూ చెడిపోయి, బ్యాగు తెరుచుకునేటప్పుడు ఇన్‌ఫ్లేటరే పగిలి లోహపు ముక్కలు విసిరింది. సముద్రం ఒడ్డున ఉన్న ఊరివాళ్లకు ఇది దూరపు కబురు కాదు. రీకాల్ ఉంటే వారంటీ ముగిసినా ఉచితంగా చేయాలి. అయితే అలాంటి లోపానికి లాంపు వెలగదు, కాబట్టి మీ లాంపుకు కారణం రీకాలే అని అనుకోకండి.

బీమా. లాంపు వెలుగుతోందన్న ఒక్క కారణంతో ప్రమాద క్లెయిమ్ తిరస్కరించడం తేలిక కాదు. థర్డ్ పార్టీ బాధ్యతకు దానితో సంబంధమే లేదు. కానీ వాహనాన్ని సక్రమ స్థితిలో ఉంచడానికి తగిన జాగ్రత్తలు తీసుకోవాలని పాలసీలో షరతు ఉంటుంది, రెండు నెలలు తెలిసి నడిపారన్న ప్రశ్న బీమా సర్వేయరు వేయవచ్చు. మీరు పంపిన ఉత్తరాలే అప్పుడు మీ జవాబు. విడిభాగం దానంతటది పాడైతే మాత్రం మామూలు బీమా ఒక్క రూపాయి ఇవ్వదు, మరమ్మతు ఖర్చు అడగవద్దు. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే వాటి ధరలో సగం తరుగుదల కింద కోస్తారు, తరుగుదల కోయని జీరో డిప్రిసియేషన్ బీమా తీసుకుంటే తప్ప.

2015లో కొన్న ఒక క్రెటా కారు 2017లో ప్రమాదానికి గురైనప్పుడు ఎయిర్‌బ్యాగులు తెరుచుకోలేదు. 2022 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు కంపెనీ అప్పీలును కొట్టివేసి పరిహారాన్ని నిలబెట్టింది. ఢీకొన్న వేగం, బలం లెక్కలు వేయడానికి కొనుగోలుదారుడు భౌతికశాస్త్ర నిపుణుడు కానక్కర్లేదని చెప్పింది. గొప్ప తీర్పు. కానీ మీకూ ఆయనకూ ఒక తేడా ఉంది. మీ కారు మిమ్మల్ని రెండు నెలలుగా హెచ్చరిస్తోంది. రేపు ఏదైనా జరిగితే ఎదుటి న్యాయవాది మొదట చూపించేది ఆ ఎర్ర దీపాన్నే.

కాబట్టి వివాదం తేలేవరకు మరమ్మతు ఆపి కూర్చోవద్దు. రెండో రిపోర్టు రాగానే ఏది నిజంగా పాడైందో అది మార్పించి, ఖర్చు తిరిగి ఇప్పించమని కేసు వేయండి. అప్పటివరకు పాపను వెనుక సీట్లోనే కూర్చోబెట్టి, అందరూ బెల్టు పెట్టుకోవాలి. బెల్టును బిగించే ప్రిటెన్షనర్ కూడా ఇదే యూనిట్ కింద ఉంటుంది కాబట్టి అది పనిచేయకపోవచ్చు, బెల్టు మాత్రం పట్టుకుంటుంది.

ఈ రోజు ఇంటికి వెళ్లగానే ముందు సీట్ల మధ్య, కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తి కిందికి చేయి పెట్టి చూడండి. తడిగా ఉంటే ముందు తేదీ కనిపించేలా ఫొటోలు తీయండి, ఆ తరువాతే తుడవండి.