ఉద్యోగం మానేసే ముందు ఇన్సూరెన్సు సంగతి చూసుకో

చిట్టీ,

ఉద్యోగం మానేసి సొంతంగా కంపెనీ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఇంత తెగువ ఎవరికీ లేదే, నీకెక్కడి నుంచి వచ్చిందో! సంతోషమే. కానీ హాస్పిటల్ బిల్లింగులో పనిచేసినదాన్ని కదా, ఈ అమెరికాలో జనం రోగం కంటే బిల్లుకే ఎక్కువ భయపడటం చూశాను. పైగా బాబుకి ఆస్తమా. నా బెంగంతా అదే.

పెట్టుబడి, కస్టమర్లు, లెక్కలు నాకంటే నీకే బాగా తెలుసు. వాటి జోలికి రాను.

"కంపెనీ ఇన్సూరెన్సు ఇస్తోంది పిన్నీ" అనేదానివి. ఇవ్వడమేంటే, అది నీ జీతమే! 1942లో యుద్ధం రోజుల్లో ప్రభుత్వం జీతాలు పెంచనివ్వకపోతే, మనుషుల్ని నిలబెట్టుకోవడానికి కంపెనీలు ఇన్సూరెన్సు ఎర చూపాయి. దాని మీద పన్ను లేదని 1954 చట్టం ఖాయం చేసింది. ఇక వైద్యం ఉద్యోగానికి ముడిపడిపోయింది. కేఎఫ్ఎఫ్ అని ఆరోగ్య విధానాల మీద పరిశోధన చేసే సంస్థ ఉంది, వాళ్ల 2024 సర్వేలో కుటుంబానికి సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. ఉద్యోగి జీతంలోంచి కోసేది 6,296. మిగతాది కంటికి కనపడదు గానీ, నీ హైక్ చిక్కిపోయేది కొంత అక్కడే. రేపు అదంతా నువ్వే కట్టాలి. నీకు ఎంత ఆదాయం కావాలో లెక్క వేసేటప్పుడు మొదట ఇది రాయి.

మీ బాబాయి స్నేహితుడొకాయన ఇలాగే మానేశాడు. ఇంటికి కోబ్రా కాగితం వచ్చింది. కోబ్రా అంటే పాము కాదులే, ఉద్యోగం పోయాక కూడా ఇన్సూరెన్సు కొనసాగించుకోనిచ్చే చట్టం. పాత కంపెనీ ప్లాన్‌లోనే మామూలుగా 18 నెలలు ఉండచ్చు, కాకపోతే మొత్తం ప్రీమియం, పైన 2 శాతం మనమే కట్టాలి. ఆ అంకె చూసి, కాగితం చెత్తబుట్టలో పడేశాడు. ఐదో వారంలో భార్యకి అపెండిక్స్ ఆపరేషన్. అప్పటికీ దారి ఉంది! కోబ్రా ఎంచుకోడానికి 60 రోజుల గడువు ఉంటుంది, ఆ లోపు ఎప్పుడు ఒప్పుకున్నా కవరేజీ పోయిన రోజు నుంచే వర్తిస్తుంది. వెనకటి ప్రీమియంలు కడితే చాలు. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఆయన అడగలేదు. ఆవిడ కోలుకునే హడావుడిలో రోజులు గడిచిపోయాయి. బిల్లు వచ్చేసరికి గడువు దాటింది. పెద్ద చదువు చదివిన మనిషి, బిల్లు పట్టుకుని మా వంటింట్లో కూర్చుని ఏడ్చాడు. ఇప్పటికీ తలుచుకుంటే కోపమొస్తుంది, ఆయన మీదో ఆ కాగితం భాష మీదో చెప్పలేను.

మార్కెట్‌ప్లేస్ ప్లాన్, అంటే ప్రభుత్వం పెట్టిన ఇన్సూరెన్సు బజారులో మనమే కొనుక్కునేది, అలా కాదు. దానికీ కవరేజీ పోయాక 60 రోజుల గడువే గానీ, వెనక్కి వర్తించదు. సాధారణంగా ఎంచుకున్న తర్వాతి నెల ఒకటి నుంచి మొదలవుతుంది. కాబట్టి ఉద్యోగం పోకముందే దరఖాస్తు చేసెయ్. బాబుకి ఆస్తమా ఉందని కాదనడానికి, ఎక్కువ గుంజడానికి 2014 నుంచి ఇన్సూరెన్సు కంపెనీలకి వీల్లేదు. బాబు డాక్టరు నెట్‌వర్క్‌లో, అంటే ఆ ప్లాన్‌తో ఒప్పందం ఉన్న డాక్టర్లలో, ఉన్నాడో లేదో, ఇన్‌హేలర్ మందుల జాబితాలో ఉందో లేదో చూడు. చవక ప్రీమియం చూసి మురిసిపోకు, డిడక్టిబుల్ చూడు, అంటే ఇన్సూరెన్సు కట్టడం మొదలుపెట్టే ముందు మన జేబులోంచి పోయే మొత్తం. ఏడాది మధ్యలో ప్లాన్ మారితే అది మళ్లీ సున్నా నుంచి మొదలు. ఆదాయాన్ని బట్టి ప్రీమియంలో ప్రభుత్వం ఇచ్చే సబ్సిడీ కోసం ఆదాయం తక్కువ చూపించావో, పన్నులప్పుడు వెనక్కి కక్కిస్తారు.

కవరేజీ ఆఖరి రోజుతో పోతుందా, నెలాఖరు దాకా ఉంటుందా అని హెచ్ఆర్‌ని అడుగు. నెలాఖరు దాకా అయితే 30న కాదు, తర్వాతి నెల 2న మానెయ్. ఆ రెండు రోజులకి నెల కవరేజీ వస్తుంది. ఇంత చిన్న సంగతి కూడా పిన్నే చెప్పాలా అని నవ్వుకుంటావేమో, నవ్వుకో.

బాబుకి ఇన్‌హేలర్, నీకు డాక్టరు చెకప్, అల్లుడి పంటి పని ఈ నెలలోనే కానిచ్చేయండి. ఒకవేళ నెలకి నాలుగు డబ్బులు తక్కువ పడితే మీ అమ్మకి చెప్పకు, ఆవిడకి బీపీ. నాకు చెప్పు. హెచ్ఆర్ ఇచ్చే కాగితాలన్నీ ఫోటో తీసి పంపు. నేను చూసేదాకా దేని మీదా సంతకం పెట్టకు.

మీ పిన్ని