మేనకోడలికి, గ్రీన్‌కార్డు సంగతి

చిన్నారీ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. రెండోసారి మీ అత్తకి కూడా వినిపిస్తే సగంలోనే లేచి "రమ్మనండి, పిల్లలు కళ్ల ముందుంటారు" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆవిడకి అంతే. నాకు మాత్రం అంత తేలిగ్గా నోరు రావడం లేదు. ఆ కార్డు జేబులో పెట్టుకుని పర్లాకిమిడికీ అమెరికాలో మా వాడి ఊరికీ మధ్య ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి, చివరికి నా చేత్తోనే కవర్లో పెట్టి పోస్టు చేసినవాణ్ణి కదా.

ముందు నువ్వనుకుంటున్న ప్లాను గురించి. అల్లుడు డల్లాస్‌లోనే ఉద్యోగం చేసుకుంటాడు, నువ్వు పిల్లల్ని తీసుకుని మీ అమ్మ దగ్గరికి వచ్చేస్తావు, ఆరు నెలలకోసారి వెళ్లి కార్డు కాపాడుకుంటావు. ఇది మన వాళ్లందరికీ ఉన్న భ్రమ, నాకూ ఉండేది. ఆరు నెలల లోపు ఒకసారి అక్కడి నేల ముట్టి వస్తే చాలు, కార్డు పదిలం అనుకుంటాం. వాళ్లు చూసేది టికెట్లు కాదమ్మా, నీ కాపురం ఎక్కడుందని. పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు, పన్ను ఎలా కడుతున్నావు, ఉద్యోగం ఎక్కడ, ఇల్లెక్కడ, ఇవన్నీ అడుగుతారు. 2018లో నేను ఎనిమిది నెలలు ఇక్కడే ఉండిపోయి వెళ్లాను. 180 రోజులు దాటి బయట ఉంటే మనల్ని కొత్తగా వచ్చేవాళ్లలాగే చూడొచ్చు. ఆ విమానాశ్రయం పేరెందుకులే గాని, అక్కడి ఆఫీసరు పక్క గదిలో కూర్చోబెట్టి, ఐ-407 అనే ఫారం ముందు పెట్టి సంతకం చెయ్యమన్నాడు. కార్డు వదులుకుంటున్నానని రాసిచ్చే కాగితం అది. రాత్రంతా నిద్ర లేదు, చెయ్యి పెన్ను మీదకి వెళ్లింది కూడా. ఎందుకో "మా అబ్బాయిని అడగాలి" అన్నాను. అదే నన్ను కాపాడింది, ఈసారికి పొమ్మని వదిలేశాడు. తర్వాత తెలిసింది, ఆ సంతకం మన ఇష్టంతో చేసేదే, బలవంతం లేదు, ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటాను అనే హక్కు మనకి ఉంది అని. ఇది నువ్వూ అల్లుడూ బాగా గుర్తు పెట్టుకోండి.

నువ్వడిగిన రీ-ఎంట్రీ పర్మిట్, అదే ఎక్కువకాలం బయట ఉండి తిరిగి వెళ్లడానికి ముందే తీసుకునే అనుమతి, నేనూ 2019లో తీసుకున్నాను. ఐ-131 ఫారం, అమెరికాలో ఉండగానే వెయ్యాలి, ఇక్కడికొచ్చాక వేద్దామంటే కుదరదు. రెండేళ్ల దాకా పనికొస్తుంది, పొడిగించరు. కానీ అది కార్డుని కాపాడుతుంది గాని సిటిజన్‌షిప్ లెక్కని కాపాడదు. ఏడాది దాటి బయట ఉన్నావా, అక్కడ ఐదేళ్లు కాపురం ఉండాలన్న లెక్క తెగిపోతుంది, మళ్లీ వెళ్లి నాలుగేళ్ల ఒక రోజు ఆగాలి. నీకిప్పుడు కార్డు వచ్చి మూడేళ్ల పది నెలలైంది. ఐదేళ్లకి 90 రోజుల ముందే ఎన్-400, అంటే సిటిజన్‌షిప్ దరఖాస్తు, వెయ్యొచ్చు, అంటే ఇంకా పదకొండు నెలలు. పదకొండేళ్లు క్యూలో నిలబడి తెచ్చుకున్న కార్డుకి పదకొండు నెలలు బరువా?

అసలు నన్ను కంగారు పెట్టేది పెద్దదాని సంగతి. నీ పురిటికి వచ్చి బరంపురంలో కన్నావు కాబట్టి అది ఇండియా పౌరురాలు, చిన్నవాడు అక్కడే పుట్టాడు కాబట్టి వాడు అమెరికన్. ఇప్పుడు మూట కట్టుకుని వచ్చేస్తే అక్కకి కార్డు పోతుంది, తమ్ముడికి పాస్‌పోర్టు ఉంటుంది. రేపు పద్దెనిమిదేళ్లకి వాడు అక్కడికి చదువుకి బయల్దేరితే ఇది స్టూడెంట్ వీసాకి హైదరాబాదు వెళ్లి నిలబడాలి. తమ్ముడు అక్కకి గ్రీన్‌కార్డు కోసం పిటిషన్ వేస్తే, అదీ వాడికి 21 వచ్చాక, మనవాళ్ల క్యూ ఎన్నేళ్లో నీకు తెలుసు. అదే మీ ఇద్దరిలో ఒకరు సిటిజన్ అయి, అది పద్దెనిమిది లోపు, కార్డుతో, ఆ తల్లో తండ్రో దగ్గర అక్కడే ఉంటే దానంతటదే అమెరికన్ అయిపోతుంది. ఇప్పుడు దానికి పదమూడు. వ్యవధి ఉంది, కానీ పారబోసుకునేంత లేదు.

మీ అమ్మ సంగతే తట్టుకోలేకపోతే ఇంకో దారి ఉంది, నాకు నచ్చదు గాని చెప్తాను. అల్లుడూ పెద్దదీ అక్కడే ఉండి అతను సిటిజన్ అయ్యేదాకా ఆగుతారు, నువ్వు వచ్చేస్తావు, కార్డు పోతే పోనీ. సిటిజన్ భార్యకి క్యూ లేదు, తర్వాత మళ్లీ వెయ్యొచ్చు. కానీ పదమూడేళ్ల ఆడపిల్లని తల్లి లేకుండా వదలడం కాగితాల మీదే బాగుంటుంది.

ఒకవేళ శాశ్వతంగా వచ్చేద్దామనే తేల్చుకుంటే నేను చేసిన తప్పు చెయ్యకండి. కార్డు డ్రాయర్లో పడేసి మర్చిపోతే పోదు. వదిలినట్టు రాసిచ్చేదాకా వాళ్ల దృష్టిలో మనం పన్ను కట్టాల్సినవాళ్లమే, ఇక్కడి పెన్షను, ఇక్కడి వడ్డీతో సహా. నేను 2014 డిసెంబరులో దిగాను, 2021 సెప్టెంబరులో ఐ-407 పంపాను. ఏడేళ్లు కూడా నిండలేదు కదా! వాళ్ల లెక్కలో ఎనిమిది, ఎందుకంటే ఆ ఒక్క డిసెంబరూ ఒక ఏడాదే. గత పదిహేనేళ్లలో ఎనిమిది పన్ను సంవత్సరాలు కార్డు ఉంటే వదిలేటప్పుడు 8854 అనే ఇంకో ఫారం, ఐదేళ్ల పన్నులు సక్రమంగా వేశానని ప్రమాణం. ఆస్తి 20 లక్షల డాలర్లుంటే వెళ్లేముందు పన్ను కూడా, మనకా బాధ లేదనుకో. నా ఇబ్బంది వేరు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బు బ్యాంకులో డిపాజిట్ చేశాను, ఇండియా ఖాతాలన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఏటా ఎఫ్‌బార్ అనే విదేశీ ఖాతాల నివేదిక వెయ్యాలని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పాత ఏళ్లవన్నీ తవ్వి సరిచేయించడానికి మా వాడికి నాలుగు నెలలు పట్టింది, వాడి మాటలు పడటం అదనం. మీ ఇద్దరికీ నాలుగో ఏడే కాబట్టి ఈ ఎనిమిదో ఏటి గొడవ రాదు, కానీ మీ నాన్న పేరు మీద నుంచి వచ్చిన డిపాజిట్లు ఎఫ్‌బార్‌లో చూపించారో లేదో ఈ వారమే అల్లుణ్ణి చూడమను. అలాగే సోషల్ సెక్యూరిటీలో, అంటే వాళ్ల పెన్షను పథకంలో, ఇద్దరికీ 40 క్రెడిట్లు పూర్తయ్యాయా చూసుకోండి. ఏడాదికి నాలుగే వస్తాయి, హెచ్1 ఉద్యోగ వీసాలో ఉండగా కట్టినవీ లెక్కే. ఇండియాకీ వాళ్లకీ ఆ విషయంలో ఒప్పందం లేదు, ఒకటి రెండు తక్కువైనా కట్టిందంతా కృష్ణార్పణం.

సిటిజన్ అయితే ఇండియా పాస్‌పోర్టు ఇచ్చేయాలి, ఓసీఐ, అంటే విదేశీ పౌరులైన మనవాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు, తీసుకోవాలి. ఓటు ఉండదు. పొలం కొనుక్కోలేవు, కానీ మీ నాన్న వదిలిన ఎకరంన్నర వారసత్వంగా నీకు రావచ్చు. దాని పట్టా ఇంకా ఆయన పేరునే ఉంది, ఒడియాలో ఉన్న ఆ కాగితం నీకు చదవడం రాదు, నేను ఉండగానే తహసిల్ ఆఫీసులో ఆ పని చేయించుకో. పాస్‌పోర్టు వదలాలంటే నీకు మనసొప్పదని తెలుసు. 1936 ఏప్రిల్ 1న మా తాత మద్రాసు రాజ్యంలో పడుకుని లేచేసరికి ఒడిశాలో ఉన్నాడు, పాతపట్నంలో ఉన్న తమ్ముడు అటే ఉండిపోయాడు, ఆయన్నెవరూ ఏ ఫారం మీదా సంతకం అడగలేదు. మరునాడూ అదే మహేంద్రతనయలో స్నానం చేసి ఉంటాడు. నువ్వు అడిగించుకుని, ఆలోచించుకుని చేస్తున్నావు.

నా మాట ఇదీ. సిటిజన్‌షిప్ ప్రమాణం చేసేదాకా కదలకు. మధ్యలో రావాలంటే నువ్వొక్కదానివే నెల, నెలన్నరకి రా, ఆరు నెలల దగ్గరికి పోనియ్యకు. అప్పకి, అదే మీ అమ్మకి, మోకాళ్లు తప్ప ఇంకేం లేదు, బీపీ మాత్ర నేనే పొద్దున్నే వెళ్లి వేయిస్తున్నాను, పక్క వీధే కదా. రాత్రిళ్లు పడుకోవడానికి ఒక మనిషిని కుదిర్చాం. నిజంగా పరిస్థితి చేయి దాటితే నేనే ఫోన్ చేసి రమ్మంటాను, అప్పుడు కార్డు గురించి ఒక్క మాట కూడా అడగను, నువ్వూ ఏడవకుండా ఆ ఫారం నింపి, జిరాక్సు తీసుకుని, కార్డు జతచేసి రసీదు వచ్చే పోస్టులో పంపు. ఆ తర్వాత నాకు విజిటర్ వీసా కూడా వచ్చింది, తలుపులేం మూసెయ్యరు.

ఈలోగా గత ఐదేళ్లలో దేశం దాటిన తేదీలన్నీ ఒక కాగితం మీద రాసుకో, ఎన్-400లో అడుగుతారు. ఆదివారం పొద్దున మీ అమ్మ దగ్గరే ఉంటాను. ఫోన్ చెయ్యి, కానీ ఈ సంగతి ఎత్తకు. తన వల్ల నువ్వు ఆగిపోతున్నావో వచ్చేస్తున్నావో అని ఇప్పటికే రెండుసార్లు అడిగింది.

మావయ్య