పరమాణువు చేతికి రాకముందే

చిరంజీవికి ఆశీస్సులు.

104వ మూలకమైన రూథర్‌ఫోర్డియం మీద పనిచేసే బృందంలో చేరావని తెలిసి ఎంత సంతోషించానో! అయాన్లను వేగంగా తోసే యాక్సిలరేటర్ దగ్గరికి ఎప్పుడు వెళ్తానా అని నీకు తొందరగా ఉంటుంది. కానీ మొదటి ఏడాది జిర్కోనియం, హాఫ్నియంలతో గడుపు. ఆవర్తన పట్టికలో రూథర్‌ఫోర్డియానికి పైనున్న గడులు వాటివే, కాబట్టి రసాయనంలో దానికి దగ్గరి బంధువులు. క్యూరియం-248 మీద ఆక్సిజన్-18 అయాన్లను కురిపిస్తే పుట్టే రూథర్‌ఫోర్డియం-261 అర్ధాయువు నిమిషానికి కాస్త ఎక్కువ. అదీ ఒక్కొక్క పరమాణువుగా వస్తుంది. ఆమ్ల గాఢత ఎంత, మూలకాలను వేరుచేసే గొట్టం, అంటే కాలమ్, ఎంత పొడవు అని అప్పుడు ఆలోచించడానికి వ్యవధి ఉండదు.

జిర్కోనియం-95తో మొదలుపెట్టు. వెయ్యి బెక్వెరెల్, అంటే సెకనుకు వెయ్యి పరమాణువులు క్షయించాలంటే, దాదాపు 800 కోట్ల పరమాణువులు ఉండాలి. బరువు చూస్తే గ్రాములో లక్ష కోట్లవ వంతు! అంత పలుచన ద్రావణంలో పాత్ర గోడ కూడా ప్రయోగంలో భాగమే. నేను ఒకసారి దాన్ని పలుచని ఆమ్లంలో, గాజు సీసాలో వదిలేశాను. మర్నాటికి సగానికి పైగా గోడకు అంటుకుపోయింది. అది తెలియక రెండు వారాలు కాలమ్‌ను అనుమానించాను. నువ్వు పాలీప్రొపిలీన్ లేదా టెఫ్లాన్ పాత్రలే వాడు, ఆమ్లం తగినంత గాఢంగా ఉంచు. ఖాళీ పాత్రనూ, కడిగిన నీటినీ కూడా డిటెక్టర్ దగ్గర పెట్టి కౌంట్ చెయ్యి. మరొక చిక్కుంది: జిర్కోనియం-95 క్షయించి నియోబియం-95 అవుతుంది. ఒకదాని గామా కిరణం 757, మరొకదానిది 766 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. సోడియం అయొడైడ్ డిటెక్టర్ వాటిని విడదీయలేదు. జెర్మేనియం డిటెక్టరే కావాలి.

చేయి తిరిగాక, అర్ధాయువు మూడు నిమిషాలు దాటిన హాఫ్నియం-169ను యాక్సిలరేటర్‌లో తయారుచేసి, రూథర్‌ఫోర్డియం నడిచే గొట్టాలలోనే నడిపించి చూడు.

ఒక్క పరమాణువుకు గాఢత అనే మాట వర్తించదు. అది ఏ ప్రావస్థలో (ద్రావణంలోనా, కాలమ్‌లోనా) ఉండే సంభావ్యత ఎంత అన్నదే మనం కొలిచేది. 2001లో జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 108వ మూలకమైన హాసియం టెట్రాక్సైడ్ గురించి తెలిసింది ఏడు పరమాణువుల వల్లే. ఆ వాయువు క్రమంగా చల్లబడే గొట్టంలో సాగుతూ, సుమారు -44 డిగ్రీల సెల్సియస్ దగ్గర గోడకు అంటుకుని నిలిచింది. పట్టికలో హాసియానికి పైనున్న ఆస్మియం టెట్రాక్సైడ్ అదే పరికరంలో -82 దగ్గర నిలిచింది. ఆ రెండో అంకె లేకపోతే మొదటిదాన్ని దేనితో పోలుస్తాం?

పనికి ముందూ తర్వాతా చేతులను రేడియేషన్ మానిటర్ దగ్గర పెట్టి చూసుకోవడం మరువకు.

వేసిన జిర్కోనియం అంతా ద్రావణం, గోడ, కాలమ్, కడుగు నీటిలో కలిపి లెక్కకు వచ్చిన రోజున నాకు ఉత్తరం రాయి. యాక్సిలరేటర్ మీద నీకు కావలసిన బీమ్ సమయం గురించి అప్పుడు మాట్లాడుకుందాం.