గోల్డ్ రష్ ఊరు చూపించాలంటే మేరీస్‌విల్ తీసుకెళ్ళండి

నాలుగో క్లాసు చదివే వాళ్ళ పిల్లాడికి స్కూల్లో గోల్డ్ రష్ (కాలిఫోర్నియాలో బంగారం కోసం జనం ఎగబడి వచ్చిన కాలం) మీద ప్రాజెక్ట్ ఇచ్చారట, సాక్రమెంటో దగ్గర్లో ఏ ఊరు చూపిస్తే బాగుంటుందని ఒకరు అడిగారు. అందరూ కొలోమా అంటారు, 1848లో బంగారం బయటపడింది అక్కడే కాబట్టి. నేను మాత్రం మేరీస్‌విల్ అంటాను. సాక్రమెంటోకి ఉత్తరాన నలభై మైళ్ళు. యూబా నది వచ్చి ఫెదర్ నదిలో కలిసే మూల.

మేం సాక్రమెంటో పక్కనే ఫాల్సమ్‌లో ఉంటాం. కోనసీమ నుంచి నాన్న వచ్చినప్పుడు మా వాడికీ ఇదే ప్రాజెక్ట్. అమ్మానాన్నలు రాగానే గోల్డెన్ గేట్, టాహో, అవుట్‌లెట్ మాల్ తిప్పి పంపేస్తాం మనవాళ్ళం. పొలం చేసిన మనిషికి మాల్‌లో ఏముంటుంది? దారిలో వరిచేలు చూసి, ఇక్కడ విత్తనాలు విమానంతో చల్లుతారని చెప్తే ఆయన కారు ఆపించారు.

మేరీస్‌విల్‌లో ఏటి గట్టు మీదికి ఎక్కాం. ఆయన అటు ఏటిని చూశారు, ఇటు ఇళ్ళ కప్పులు చూశారు. "అమ్మాయ్, ఊరి చుట్టూ గట్టేనా? గండి పడితే లోపలికొచ్చిన నీళ్ళు ఎటు పోతాయే?" అన్నారు. 1875 జనవరిలో సరిగ్గా అదే జరిగింది. గట్టు తెగి ఊరు మునిగింది.

కిందకి దిగి ఏటి ఒడ్డున గుప్పెడు రాళ్ళు తీశారు. తెల్లటి పలుగురాళ్ళు, నున్నగా అరిగినవి. "ఇదంతా ఏ కొండనో తవ్వి తెచ్చి పోసినట్టుందే" అన్నారు. నిజమే. 1853 నుంచి ఎగువన కాలిఫోర్నియాలోనే ఉన్న నెవాడా సిటీ అనే ఊరి వైపు పెద్ద పెద్ద గొట్టాలతో నీళ్ళు చిమ్మి కొండలనే కరిగించారు. బంగారం వాళ్ళు ఉంచుకున్నారు, మట్టీ రాళ్ళూ యూబాలోకి వదిలారు. ఏటి అడుగు మేరీస్‌విల్ వీధుల కంటే పైకి లేచింది. దిగువన పొలాలు మేట వేసి పోయాయి. సాక్రమెంటో నుంచి స్టీమర్లు వచ్చే రేవు పూడిపోయింది. గట్లు ఎత్తు చేస్తూ పోయారు. ఊరు వాటి మధ్యే ఇరుక్కుపోయి, ఇప్పటికీ జనాభా పన్నెండు పదమూడు వేలు దాటలేదు.

చివరికి ఆ ఊళ్ళో ఆస్తి ఉన్న ఉడ్రఫ్ అనే ఆయన గని కంపెనీ మీద కేసు వేశాడు. 1884 జనవరిలో జడ్జి లొరెంజో సాయర్, చెత్తమట్టి ఏట్లోకి వదలకూడదని తీర్పిచ్చాడు. నన్నడిగితే కాలిఫోర్నియా చరిత్రలో బంగారం దొరికిన రోజు కంటే ఈ తీర్పు వచ్చిన రోజే పెద్దది. బడి ప్రాజెక్టుల్లో మాత్రం బంగారం జల్లించే పళ్ళెం, గులకరాళ్ళు, గడ్డం మనిషి బొమ్మ. ఆ మట్టంతా ఎవరి నెత్తిన పడిందో ఒక్క వాక్యం ఉండదు. నాకు ఒళ్ళు మండేది అందుకే.

పైగా అది అప్పటితో అయిపోయిన కథ కూడా కాదు. 1986 ఫిబ్రవరిలో ఏటికి అవతల లిండా దగ్గర గట్టు తెగింది. అది గనుల మట్టితో కట్టిన పాత గట్టే. లిండా, ఆలివ్‌హర్స్ట్ మునిగాయి. 2003లో అప్పీలు కోర్టు రాష్ట్రానిదే బాధ్యత అంది. లిండా గట్టు తెగిన 1986లోనే, ఆగస్టులో మన గోదారి వరద. నాన్న ఆ రాత్రుళ్ళు గట్టు మీద కాపలా కాసిన మనిషి. లిండా గట్టు సంగతి చెప్పగానే మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని, బుంగ పడితే ఇసక బస్తాలు ఎక్కడ వేయాలో చూపించారు. వాడి ప్రాజెక్ట్‌లో సగం అదే.

1846-47 చలికాలంలో సియెరా మంచులో చిక్కుకున్న డానర్ బృందం నుంచి బతికి బయటపడ్డ మేరీ మర్ఫీ పేరే ఈ ఊరికి పెట్టారు. గట్టు పక్కనే 1880లో చైనావాళ్ళు కట్టుకున్న బోక్ కై గుడి ఉంది. అందులో వరద నుంచి కాపాడే జలదేవుడు. ఏటా వసంతంలో ఊరేగింపు జరుగుతుంది, వీలైతే అప్పుడే వెళ్ళండి. జులైలో మాత్రం వద్దు, గట్టు మీద చెట్టు నీడ ఉండదు. తెల్లారే బయల్దేరితే కరిగించిన కొండలున్న మాలకాఫ్ డిగ్గిన్స్ కూడా అదే రోజు చూసి రావచ్చు. ముందు కొండ చూపించి, తర్వాత గట్టు చూపించండి.