నాన్నకు మోకాళ్లు ముందే అరిగాయి, యాక్సిడెంట్ క్లెయిమ్‌లో పాత రిపోర్టులు చూపించాలా?

మీ నాన్నగారికి 57 ఏళ్లని, తోపుడు బండి మీద కూరగాయలు అమ్ముతారని, రెండేళ్లుగా మోకాళ్ల అరుగుదలకు మందులు వాడుతున్నారని రాశారు. కారు గుద్దడంతో కుడి మోకాలి కింద ఎముక విరిగి ప్లేటు వేశారని, మున్ముందు మోకాలి మార్పిడి ఆపరేషన్ కూడా అవసరమవుతుందంటున్నారని అన్నారు. ఇన్సూరెన్సు తరఫున వచ్చిన మనిషి "మోకాలు ముందే పోయింది కదా, పెద్దగా ఏమీ రాదు" అన్నాడనీ, చుట్టాలు పాత చీటీలన్నీ దాచేయమంటున్నారనీ అడిగారు.

దాచకండి. నేను దాచి నష్టపోయాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

నాకు తెనాలిలో చిన్న టైలరింగ్ షాపు ఉంది. 2018లో నడుం పట్టేస్తే ఎమ్మారై తీసి నడుం కింది భాగంలో, ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ కొంచెం బయటికి వచ్చిందన్నారు. ఆరు వారాలు ఫిజియోథెరపీ చేయించుకుని మళ్లీ మిషన్ ఎక్కాను. పండగ సీజన్లో రాత్రి పదింటి దాకా కుట్టిన రోజులున్నాయి. 2019 నవంబరులో మా ఆయన స్కూటర్ వెనక కూర్చుని వస్తుంటే కారు వెనక నుంచి గుద్దింది. నడుం పైభాగంలో ఉండే ఎల్1 వెన్నుపూస నొక్కుకుపోయింది. మూడు నెలలు మంచం, బెల్టు. అప్పట్నుంచి అరగంట కన్నా ఎక్కువసేపు మిషన్ ముందు కూర్చోలేను.

ఎంవీఓపీ, అంటే యాక్సిడెంట్ పరిహారం పిటిషన్ వేసినప్పుడు, నా చీఫ్ అఫిడవిట్‌లో (సాక్ష్యంగా రాసిచ్చే ప్రమాణ పత్రంలో) పాత నడుం నొప్పి ఊసే లేదు. "అడిగితే చూద్దాం" అనుకున్నాం. వాళ్లు అడిగారు. బోనులో నిలబడి ఉండగా అవతలి లాయరు "ప్రమాదానికి ముందు మీకు నడుం నొప్పి ఉందా?" అన్నారు. లేదన్నాను. ఆయన ఆసుపత్రిలో రాసిన నా కేస్ షీటే తీసి చూపించారు. నేను చేరిన రోజునే డ్యూటీ డాక్టరు నన్నడిగి "2018 నుంచి నడుం నొప్పి" అని రాసుకున్నాడు. నేనే చెప్పాను, నాకు గుర్తు లేదు. ఆ క్షణం నుంచి నేను నిజం చెప్పినవి కూడా అనుమానంగానే కనిపించాయి.

కేసు నిలబడిందంటే నాకు వైద్యం చేసిన ఆర్థోపెడిక్ డాక్టరు గారి వల్లే. ఆయన సాక్ష్యంలో రెండు మాటలు చెప్పారు. ఒకటి, పాత తేడా ఎల్4-ఎల్5 దగ్గర, విరిగింది ఎల్1 దగ్గర, రెండూ వేరు. రెండు, ప్రమాదం తర్వాత వారంలోపు తీసిన ఎమ్మారైలో ఎల్1 ఎముక లోపల వాపు ఉంది. దాన్ని మ్యారో ఎడీమా అంటారు. వెన్నుపూస విరిగినప్పుడు అది కొత్త దెబ్బకు గుర్తు, కొన్ని వారాలకో నెలలకో తగ్గిపోతుంది. డిస్క్ బయటికి రావడం ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా చాలామందికి ఉంటుందని కూడా ఆయన చెప్పారు.

అయినా సర్టిఫికెట్‌లో ఉన్న 20 శాతం వైకల్యాన్ని ట్రిబ్యునల్ (యాక్సిడెంట్ పరిహారం తేల్చే కోర్టు) 15కి తగ్గించింది. పాత సమస్యను నేను దాచడాన్ని తీర్పులో ప్రస్తావించారు. ఆ ఐదు శాతం ఎంతో లెక్క చూడండి. నా ఆదాయం నెలకు 10 వేలుగా తీసుకున్నారు. సొంత పని, వయసు 42 కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 25 శాతం కలిపారు, 12,500. ఏడాదికి లక్షన్నర. ఆ వయసుకి గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని ఎన్నింతలు చేయాలో చెప్పే అంకె, 14. ఇరవై శాతమైతే 4,20,000, పదిహేనైతే 3,15,000. ఒక్క "లేదు" అనే మాటకు లక్షా అయిదు వేలు పోయాయి.

మీ నాన్నగారి వయసుకి, అంటే 56-60 మధ్య, గుణకం 9. సొంత పని చేసుకునేవాళ్లకు 50 నుంచి 60 ఏళ్ల మధ్య పెరుగుదల 10 శాతం. ఈ గుణకాలు సుప్రీంకోర్టు ఇచ్చిన 2009 సరళా వర్మ తీర్పులోవి, పెరుగుదల శాతాలు 2017 ప్రణయ్ సేఠీ తీర్పులోవి. మీ లాయరుకు తెలిసే ఉంటుంది, మీరూ తెలుసుకుని ఉంటే మంచిది.

ఆ ఇన్సూరెన్సు మనిషి మాటకు భయపడకండి. ఎదుటి మనిషి ఎముక బలహీనంగా ఉంది కాబట్టి నా బాధ్యత తక్కువ అని గుద్దినవాళ్లు అనలేరు. షుగర్ ఉన్న మనిషికి కాలి దెబ్బ మానక వేలు తీసేయాల్సి వచ్చిందనుకోండి, ఆ దెబ్బే తగలకపోతే ఆ వేలు ఉండేది కదా. కోర్టు చూసేది ప్రమాదానికి ముందు రోజుకీ తర్వాతకీ ఉన్న తేడా. ముందు రోజు ఎలా ఉన్నారో మీరు చూపించకపోతే ఆ తేడాను వాళ్లకు నచ్చినట్టు చెబుతారు.

అందుకే పాత చీటీలే మీకు సాక్ష్యం. అరుగుదల ఉన్నా రోజూ బండి తోశారనడానికి ఏమేమి ఉన్నాయో వెతకండి: హోల్‌సేల్ మార్కెట్ చీటీలు, వీధి వ్యాపారి గుర్తింపు కార్డు ఉంటే అది, ఫోన్‌పే జమలు, రోజూ కూరలు కొనే ఇద్దరు ముగ్గురు. నన్ను కాపాడినవాటిలో నా ఆర్డర్ల పుస్తకం ఒకటి. 2019 సెప్టెంబరు, అక్టోబరు పేజీల్లో జాకెట్ల లెక్క చూపించాక, డిస్క్ వల్లే పని మానేసిందనే వాదన ఇక నిలవలేదు.

డాక్టరు గారిని ఒక్క ప్రశ్న స్పష్టంగా అడగండి: ఎక్స్‌రేలో, ఎమ్మారైలో అరుగుదల ఏది, కొత్త దెబ్బ ఏది? ఎముక అంచుల్లో ముళ్లలా పెరిగినవి, కీలు మధ్య సందు తగ్గడం పాతవి. విరిగిన గీత కొత్తది. ఎముక లోపలి వాపు కొత్త దెబ్బకూ రావచ్చు, అరుగుదలకూ రావచ్చు, అదేదో డాక్టరే చెప్పాలి. అది రాతపూర్వకంగా తీసుకోండి. డిసెబిలిటీ సర్టిఫికెట్ కాలి వరకేనా, మొత్తం శరీరానికా అన్నది కూడా అందులో ఉండాలి. 2010 రాజ్ కుమార్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ తేడాను ప్రత్యేకంగా చెప్పింది. వైకల్యం శాతం ఎంతన్నది ఒక్కటే కాదు, ఆ మనిషి చేసే పనికి అది ఎంత అడ్డమన్నదే చూడాలని కూడా చెప్పింది. కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్లకు మోకాలు గట్టిపడటం వేరు, రోజంతా బండి తోసేవారికి వేరు. సర్టిఫికెట్ తయారుచేసి ఇస్తామనే బ్రోకర్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. వైద్యం చేయని డాక్టర్లు రాసిచ్చే అలాంటి కాగితాల గురించి ఆ తీర్పే హెచ్చరించింది. మీ డాక్టరు కోర్టుకు రాలేనంటే, ఆసుపత్రికే కమిషనర్‌ని (సాక్ష్యం రాసుకోవడానికి కోర్టు నియమించే మనిషిని) పంపి సాక్ష్యం తీసుకోమని మీ లాయరు పిటిషన్ వేయవచ్చు.

కేస్ షీటులో ప్రమాదం గురించి ఏం రాశారో ఇప్పుడే చూడండి. హడావుడిలో "జారిపడ్డారు" అని రాసిన సందర్భాలున్నాయి. అలా ఉంటే ఇప్పుడే లాయరుకి చెప్పండి, క్రాస్‌లో, అంటే అవతలి లాయరు ప్రశ్నించేటప్పుడు, బయటపడితే చాలా కష్టం.

బిల్లులు వేరు చేయండి. అరుగుదలకు ముందు నుంచి వాడుతున్న మాత్రల బిల్లులు ఇందులో కలపకండి. నిజమైన బిల్లుల మీద కూడా నమ్మకం పోతుంది. మోకాలి మార్పిడి ఆపరేషన్ అవసరమవుతుందంటున్నారు కదా, అది ఎప్పటికైనా పడేదేనని వాళ్లు తప్పకుండా అంటారు. అందులో కొంత నిజం ఉండొచ్చు, పూర్తి ఖర్చు రాకపోవచ్చు కూడా. ప్రమాదం వల్ల ఎన్నేళ్లు ముందుకు వచ్చిందో డాక్టరు చెప్పగలిగితే అప్పుడు అడగడానికి ఆధారం ఉంటుంది.

గడువు సంగతి మరిచిపోకండి. మా ప్రమాదం నాటికి గడువు లేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు పిటిషన్ వేయాలని చట్టంలో ఉంది. మీరు ఉండే ఊరి పరిధిలోని ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే, ప్లేటు తీయడం, మార్పిడి ఆపరేషన్ ఇవన్నీ తేలేవరకు తొందరపడి సంతకం పెట్టకండి. అక్కడి అవార్డు మీద అప్పీలు ఉండదు.

నాన్నగారిని బోను ఎక్కించే ముందు ఒకసారి కూర్చోబెట్టి మాట్లాడండి. "మోకాళ్ల నొప్పి ఉందా?" అని అడిగితే ఆయన చెప్పాల్సింది ఇంతే: "ఉందండీ, మాత్రలు వేసుకుంటూ రోజూ బండి తోసేవాణ్ని. ఇప్పుడు తోయలేకపోతున్నాను."