టెక్ సందేహాలు: ఆటకు మీ ఎస్సెమ్మెస్‌లతో పనేంటి?

ప్రశ్న: ప్రతి శనివారం హైదరాబాద్ నుంచి విజయవాడకు బస్సులో వెళ్తాను. ఆండ్రాయిడ్ ఫోను, చిన్న బ్లూటూత్ కంట్రోలర్ ఉన్నాయి. పీఎస్పీ అనే పాత సోనీ చేతి గేమ్ మిషను కోసం వచ్చిన ఆట ‘క్రైసిస్ కోర్: ఫైనల్ ఫాంటసీ 7’ తప్పకుండా ఆడాలని హాస్టల్లో అంటున్నారు. నిజంగా అంత బాగుంటుందా? ఒక సైట్లో 90 ఎంబీ ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్ ఫైలు) దొరికింది. ఇన్‌స్టాల్ చేస్తే యాక్సెసిబిలిటీ, ఎస్సెమ్మెస్ పర్మిషన్లు అడుగుతోంది. ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. ముందు దాన్ని ఫోన్లోంచి తీసేసి, తర్వాత మిగతాది చదవండి. ఇలాంటి ప్రశ్న ఈమధ్య పదే పదే వస్తోంది. ఆట పేరొక్కటే మారుతుంది, అడిగే పర్మిషన్లు మాత్రం ఇవే.

ఆట సంగతికొస్తే, మీ హాస్టల్ వాళ్లు అబద్ధం చెప్పలేదు, పూర్తి నిజమూ చెప్పలేదు. ఇది జపాన్‌లో 2007లో, అమెరికా, యూరప్‌లలో 2008లో వచ్చింది. 1997 నాటి ఫైనల్ ఫాంటసీ 7కు ముందు జరిగే కథ. హీరో జాక్ ఫెయిర్. పాత ఆట ఆడినవాళ్లకు అతను బతకడని ముందే తెలుసు. తెలిసి కూడా చివరిదాకా కూర్చోబెట్టడమే దీని గొప్ప.

అది ఎలా సాధించారో చెప్పాలంటే తెర ఎడమవైపు పైమూలలో తిరిగే మూడు రీళ్ల గురించి చెప్పాలి. పేరు డిజిటల్ మైండ్ వేవ్. చూడ్డానికి మాత్రం అచ్చం జూదం మిషనే. మీరు కత్తి తిప్పుతుంటే పైన అంకెలు, జాక్‌కు తెలిసిన మనుషుల ముఖాలు వాటంతటవే తిరుగుతుంటాయి. మూడూ ఒకే ముఖం పడితే ఆ మనిషి పేరు మీద ఒక పెద్ద దెబ్బ. మూడు ఏడులు పడితే లెవెల్ పెరుగుతుంది. చెమటోడ్చి పోరాడేది మనం, ప్రమోషన్ ఇచ్చేది చక్రం! మొదటి పది గంటలూ నాకు ఇది ఒళ్లు మండించింది. సరిగ్గా దెబ్బ వేయబోయేసరికి పోరాటం ఆగిపోయి, నిన్న చూసిన జాక్ జ్ఞాపకమే మళ్లీ తెర నిండా వస్తుంది.

చివరి పోరాటంలో మాత్రం అదే చక్రం మొరాయించడం మొదలెడుతుంది. అన్ని గంటలు చూసీ చూసీ విసుగెత్తిన ముఖాలు ఒక్కొక్కటే చెరిగిపోతుంటాయి. మాటల్లో ఎవరూ ఏమీ చెప్పరు. మనిషి పోతున్నాడని రీళ్లే చెబుతాయి. ఆ విసుగంతా ఎందుకు పెట్టారో అప్పుడు అర్థమవుతుంది. ఆటలో తప్ప ఇంకెక్కడా కుదరని పని అది.

ఇక లోపాలు. అసలు కథకు పక్కన చేసే చిన్న పనులు (మిషన్లు) మొత్తం 300. ఒక్కోటి కొన్ని నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి సూర్యాపేటలో బస్సు టీకి ఆగేలోపు నాలుగైదు లాగించొచ్చు. ప్రయాణానికి ఇంతకన్నా అనువైన కొలత లేదు. కానీ అవే గుహలు, అవే మైదానాలు. యాభై దాటాక ఎక్కడున్నామో గుర్తుండదు. పీఎస్పీకి కెమెరా తిప్పే కుడి స్టిక్ లేదు. పోరాటంలో ఎల్, ఆర్ బటన్లు మెనూ తిప్పడానికే సరిపోతాయి, కెమెరా తనకు తోచినట్టు తిరుగుతుంది. మీ కంట్రోలర్‌కు రెండు స్టిక్‌లు ఉన్నాయని సంబరపడకండి, పాత ఆటలో రెండోదానికి పని లేదు. ‘రీయూనియన్’ పేరుతో 2022 డిసెంబర్‌లో వచ్చిన కొత్త రూపంలో కెమెరాను సరిచేశారు. పెద్ద దెబ్బలు ఎప్పుడు వేయాలో మన చేతికే వదిలారు. దానికి కంప్యూటరో, గేమ్ కన్సోలో కావాలి. ఫోన్లో రాదు.

ఇప్పుడు మీ 90 ఎంబీ ఫైలు. పీఎస్పీ ఆటలు యూఎండీ అనే చిన్న డిస్కు మీద వచ్చేవి. దాని మీద 1.8 జీబీ దాకా పట్టేది. ఈ ఆట ఒక్కటే ఒక జీబీ పైన ఉంటుంది. దాన్ని 90 ఎంబీలోకి దించడం అగ్గిపెట్టెలో చీర మడిచిన సిరిసిల్ల నేతన్న వల్ల కూడా కాదు. పైగా పీఎస్పీ ఆట ఏపీకేగా ఉండదు. ఐఎస్ఓ లేదా సీఎస్ఓ ఫైలుగా (డిస్కుకు నకలు) ఉంటుంది, దాన్ని ఎమ్యులేటర్‌లో, అంటే ఫోన్లో పీఎస్పీలా పనిచేసే యాప్‌లో తెరవాలి. పీపీఎస్ఎస్పీపీ అనే ఎమ్యులేటర్ 2012 నుంచి ఉంది, ఓపెన్ సోర్స్, ప్లే స్టోర్‌లోనే దొరుకుతుంది. దానికి మీ మెసేజ్‌లతో పనిలేదు. బయోస్ ఫైలు (మిషను మొదలవడానికి వాడే లోపలి సాఫ్ట్‌వేర్) కూడా అక్కర్లేదు. ఎవరైనా ‘ముందు ఈ బయోస్ యాప్ వేసుకోండి’ అంటే అక్కడినుంచి లేచి రండి.

యాక్సెసిబిలిటీ అనేది చూపు సరిగా లేనివాళ్ల కోసం పెట్టిన సదుపాయం. తెర మీద ఉన్నది చదివి వినిపించాలి, వాళ్ల బదులు బటన్ నొక్కాలి. అదే అధికారం దొంగ యాప్ చేతిలో పడితే మీ బ్యాంకు యాప్ తెరను అది చదువుతుంది, మిగతా పర్మిషన్లకు ‘సరే’ తనే నొక్కుకుంటుంది, తీసేయబోతే ఆ పేజీని మూసేస్తుంది. ఎస్సెమ్మెస్ కూడా ఇచ్చారంటే ఓటీపీ దాని చేతికే వెళ్తుంది. మీరు బస్సులో నిద్రపోతున్నా పని జరిగిపోతుంది. చాలా ఇళ్లలో పిల్లలు ఆడేది నాన్న ఫోన్లో. యూపీఐ ఉండేదీ అందులోనే.

ఆండ్రాయిడ్ 13 నుంచి, ప్లే స్టోర్ బయట తెచ్చిన యాప్‌లకు ఈ అధికారం ఇవ్వబోతే ఫోను అడ్డుపడుతుంది. అయినా యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, మూడు చుక్కలు నొక్కి, ఆ అడ్డు తీయించే వీడియోలు పెడుతున్నారు ఈ ఘనులు. ఫోను వద్దు మొర్రో అంటుంటే వీడియో చూసి మరీ గడియ తీస్తున్నాం. తప్పంతా వాడేవాళ్లదే అనను. ప్రతి చిన్నదానికీ ‘ఇది హానికరం కావచ్చు’ అని బెదిరించి బెదిరించి, అసలు ప్రమాదం వచ్చిన రోజున ఎవరూ చదవకుండా చేసింది ఫోన్లు తయారుచేసేవాళ్లే.

ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు: వెంటనే ఎయిర్‌ప్లేన్ మోడ్. వైఫై, బ్లూటూత్ కూడా ఆపండి. సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా ఫోను తెరుచుకునే పద్ధతి) యాప్ తీసేయండి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్లోంచి మార్చండి, బ్యాంకుకూ అందులోంచే ఫోన్ చేయండి. డబ్బు పోయుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా.

అసలు చిరాకు ఇంకొకటుంది. ఈ పాత ఆటను డౌన్‌లోడ్ రూపంలో ఎప్పుడూ అమ్మలేదు, డిస్కు మాత్రమే. సొంత డిస్కు, దాన్ని చదివే పాత పీఎస్పీ ఉన్నవాళ్లు ఫైలు తీసుకోవచ్చు. లేనివాళ్లు కొందామన్నా కొట్టు లేదు. వందో రెండొందలో ఇచ్చి ఫోన్లో ఆడుకునేవాళ్లను ఆట అమ్మేవాళ్లే చేజేతులా దొంగ సైట్లకు పంపుతున్నారు. దొంగ సైటు తప్పే. తలుపు మూసి తాళం పారేసినవాళ్లను కూడా ఒక మాట అనాలి కదా.

ప్రశ్న: నాకు డిస్కు ఉంది, ఎమ్యులేటర్‌లో సక్రమంగానే ఆడుతున్నాను. ఫోన్ స్లో అయిందని ఎమ్యులేటర్‌ను తీసేసి మళ్లీ వేస్తే 40 గంటల ఆట మాయమైంది. తిరిగొస్తుందా?

రాదు. ఎమ్యులేటర్ మొదటిసారి తెరిచినప్పుడు ఫైళ్లు ఎక్కడ పెట్టాలని అడుగుతుంది. తొందరలో యాప్ సొంత ఫోల్డర్ ఎంచుకుంటే, యాప్‌తో పాటే అవీ పోతాయి. ఈసారి మీరే ఒక ఫోల్డర్ తయారుచేసి చూపించండి. ఆట ఎక్కడుంటే అక్కడే భద్రపరిచే ఎమ్యులేటర్ ‘సేవ్ స్టేట్’ బటన్‌ను కూడా నమ్ముకోవద్దు, ఎమ్యులేటర్ అప్‌డేట్ అయ్యాక అవి తెరుచుకోకపోవచ్చు. ఆటలోని సేవ్ పాయింట్ దగ్గరే సేవ్ చేసి, ‘పీఎస్పీ’ ఫోల్డర్‌లోని ‘సేవ్‌డేటా’ను నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.