గుండె లయ నిపుణుడు ఏం చదివి ఉంటారు?

దడ అని వెళ్తే కార్డియాలజిస్టు మిమ్మల్ని ఎలక్ట్రోఫిజియాలజిస్టు (గుండె లయ నిపుణుడు) దగ్గరికి పంపారు, ఈయన వేరే ఏం చదివారని మీ ప్రశ్న. ఆయనా మొదట కార్డియాలజిస్టే. మన దేశంలో ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు, జనరల్ మెడిసిన్‌లో ఎండీ 3 ఏళ్లు, కార్డియాలజీలో డీఎం (ఎండీ తర్వాతి సూపర్ స్పెషాలిటీ డిగ్రీ) మరో 3 ఏళ్లు. చాలామంది అక్కడితో ప్రాక్టీసు పెడతారు. ఈయన ఆపైన ఏడాదో రెండేళ్లో గుండె లయ మీదే ఫెలోషిప్ చేసి ఉంటారు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో ఈ శిక్షణ ఉంది. అమెరికాలోనైతే 1992 నుంచి దీనికి ప్రత్యేక బోర్డు పరీక్షే ఉంది.

అసలు తేడా ల్యాబ్‌లో కనిపిస్తుంది. యాంజియోగ్రామ్ చేసేవారు రక్తనాళంలో అడ్డంకి వెతికితే, ఈయన గుండెను కొట్టుకునేలా చేసే కరెంటు దారి వెతుకుతారు. తొడ మొదట్లోని సిర గుండా సన్నని తీగలు పంపి, కావాలనే దడ తెప్పిస్తారు (వినడానికి భయంగానే ఉంటుంది). గుండెలో ఏ చోటు ముందు స్పందించిందో మిల్లీసెకన్లలో కొలిచి, తప్పుదారిని రేడియో తరంగాల వేడితో మూసేస్తారు; దీన్నే అబ్లేషన్ అంటారు. గుండె పైగదుల నుంచి కింది గదులకు కరెంటు దాటించే ఏవీ నోడ్ పక్కన కొద్ది మిల్లీమీటర్లు తప్పినా శాశ్వతంగా పేస్‌మేకర్ అవసరపడవచ్చు. అందుకే నేమ్‌బోర్డు మీది డిగ్రీలతో సరిపెట్టుకోకుండా, ఫెలోషిప్ ఎక్కడ చేశారో, మీలాంటి కేసులకు ఏటా ఎన్ని అబ్లేషన్లు చేస్తారో మొహమాటపడకుండా అడగండి.